కుర్చీ దిగని మేనేజరు

ఏయ్, నిన్నే! పేజీ తిప్పేసి ముందు ఆఖరి ముక్క చదివేద్దామని చూస్తున్నావు కదూ? నాకు తెలుసు. పోయిన వారం కూడా అదే పని చేశావు. చేసి, "పాపం, లాండ్రీలో ఆ పిల్ల అందరి ముందూ కూలబడిపోయింది, ఇక దాని ఉద్యోగం గోవిందా" అని ముక్కు చీదావట. చీదితే చీదావుగానీ, చెయ్యి కడుక్కుని వచ్చి సరిగ్గా కూర్చో. ఈ వారం ఎవరు ఎవరికి టోపీ పెట్టారో నీకు ముందే తెలియనిస్తే నేను మామయ్యనే కాదు.

మా అక్క గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. ఒళ్ళో కూతురి చెప్పులు. రెండు చేతులతో వాటిని ఎలా పట్టుకుందంటే, ఎవరైనా లాక్కుంటే చెప్పులతోపాటు మా అక్క కూడా వచ్చేస్తుంది.

"అక్కా, పక్కకి జరుగు. బయట వ్యాను ఇంజను ఆపకుండా వచ్చాను."

"ఆపితే ఆపు, లేకపోతే కాలిపోనీ."

"అది నాది కాదే, లాండ్రీది."

"లాండ్రీ కూడా కాలిపోనీ!"

బల్ల దగ్గర మా మేనకోడలు టీ తాగుతోంది. ఇంట్లో దాన్ని అందరం 'పింజ' అంటాం. దూదిపింజలా ఉంటుందని. ఇరవై ఏడేళ్ళు వచ్చినా ఆ పేరు పోలేదు. రెండేళ్ళ కిందట గుండెకి పట్టిన జబ్బు తగ్గిపోయిందని డాక్టరు చెప్పాడు. జబ్బయితే పోయింది గానీ, పోతూ పోతూ ఒంట్లో సత్తువ కూడా మూటగట్టుకుపోయింది. పది నిమిషాలు నిలబడగలదు. పదకొండో నిమిషానికి మోకాళ్ళు ఒణుకుతాయి. మాటకి కూడా ఊపిరి చూసుకుని ఖర్చు పెట్టే పిల్ల. అందుకే అది మాట్లాడితే అందరం వింటాం. నేను వాగితే ఎవరూ వినరు. నా దగ్గర ఊపిరి ఎక్కువ కదా!

"నిన్న నా బిడ్డని విడిచిన బట్టల మూటలా భుజాన వేసుకుని తెచ్చావు," అంది అక్క. "ఇవాళ మళ్ళీ తీసుకుపోతానని ఏ మొహం పెట్టుకుని వచ్చావురా?"

"ఉన్నది ఇదొక్కటే మొహం అక్కా. అదీ నీ పోలికే."

"నోర్ముయ్. మేనేజరట, మేనేజరు! మేనేజరంటే పొద్దున్నించి సాయంత్రందాకా బొంగరంలా తిరగాలి. ఇదేమో ఈ గదిలోంచి ఆ గదిలోకి వెళ్ళడానికి మధ్యలో కుర్చీ వేసుకుంటుంది."

పింజ కప్పు కింద పెట్టింది. "బొంగరం తిరుగుతుంది, నిజమేనమ్మా. కానీ తిప్పేవాడు తిరగడుగా."

"మాటలు బాగా నేర్చావు."

"మాటలకి కాళ్ళు అక్కర్లేదు కదమ్మా."

పింజ ఊపిరి కూడదీసుకుని, మెల్లగా అంది. "ఇవాళ ఇరవై ఆరో రోజు, నన్ను పరీక్షకి పెట్టుకున్న గడువులో ఆఖరిది. నన్ను ఉంచాలా పంపెయ్యాలా అని లాండ్రీ ఓనరు పెద్దమేడం తేల్చేది ఇవాళే. నిన్న పడిపోయాను, నిజమే. ఇవాళ వెళ్ళకపోతే ఇక ఎవరు ఏ పనికి పిలిచినా 'ఓహో, ఆ పడిపోయే పిల్లా' అంటారు. ఆ పేరుతో ఇంట్లో కూర్చోవాలా? నేను కూర్చునే పని చేస్తానమ్మా. కానీ ఇంట్లో కాదు."

అక్క చెప్పులు ఇంకాస్త గట్టిగా పట్టుకుంది.

కిటికీ దగ్గర మా బావ గడియారం విప్పుకుని కూర్చున్నాడు. గడియారాలు బాగుచేయడం ఆయన పని. కంట్లో భూతద్దం, చేతిలో సూదంత స్క్రూడ్రైవరు. రోజుకి ఒక్క మాట మాట్లాడతాడు. ఆ ఒక్కటీ ఎప్పుడు వాడతాడో ఆయనకే తెలియాలి.

తల ఎత్తకుండానే బావ తన కాళ్ళ చెప్పులు విడిచాడు. బొటనవేలితో ఒకటి, తర్వాత రెండోది, కూతురి వైపు నెట్టాడు.

"టైమవుతోంది," అన్నాడు.

అంతే, ఆయన కోటా అయిపోయింది.

"మీరు కూడానా!" అంది అక్క. లేవలేదు. కానీ చాపుకున్న కాళ్ళు మెల్లగా దగ్గరికి ముడుచుకుంది. ఒక మనిషి దాటేటంత సందు వచ్చింది. పింజ పడవల్లాంటి ఆ చెప్పుల్లో టపటపలాడుతూ ఆ సందులోంచి బయటికి నడిచింది. వెళ్తూ వెళ్తూ తల్లి తల మీద చెయ్యి వేసి, ఒక్క క్షణం ఉంచి, తీసేసింది.

"ఒరేయ్!" అక్క నన్ను పిలిచింది. "దాన్ని ఒక్క అడుగు ఎక్కువ నడిపించావో, నీ కాళ్ళు విరగ్గొడతాను."

"అప్పుడు నన్నూ మేనేజర్ని చేస్తారులే!" అని పరుగెత్తాను. వెనక నుంచి ఏదో విసిరింది. చెప్పులు మాత్రం కాదు. అవి వదల్లేదు.

*

వ్యానులో నీకొక రహస్యం చెబుతాను, దగ్గరికి రా. ఇంకా దగ్గరికి. మరీ అంత వద్దులే, టీ వాసన వస్తోంది.

మా లాండ్రీ ఆసుపత్రుల బట్టలు ఉతికే లాండ్రీ. ఒక పక్క నుంచి విడిచిన బట్టల సంచులు వస్తాయి, ఇంకో పక్క నుంచి మడతల కట్టలు పోతాయి. మధ్యలో పది మిషన్లు. ఆరు ఉతికేవి, మూడు ఆరబెట్టేవి, ఒకటి గదంత పొడుగున్న రోలరు ఇస్త్రీ. ప్రతి మిషనుకీ ఒక అట్ట కార్డు వేలాడుతుంది. మేనేజరు రోజుకి మూడుసార్లు ప్రతి మిషను దగ్గరికీ నడిచి వెళ్ళి, చూసి, టైము వేసి సంతకం పెట్టాలి. పెద్దమేడం వాళ్ళ నాన్న పెట్టిన రూలు అది. పాత మేనేజరు రోజంతా గస పెడుతూ తిరిగేవాడు. ఆయన వస్తున్నాడంటే అందరూ పని చేసేవాళ్ళు, వెళ్ళాడంటే అందరూ టీ తాగేవాళ్ళు. ఆయన బూట్ల చప్పుడే మా గంట.

మరి మా పింజ పది మిషన్లు ఎలా తిరుగుతుంది? రోజుకి ముప్ఫై సంతకాలు!

తిరగలేదు. నేను తిరిగాను.

మొదటి వారం నుంచే. వ్యాను ఒక ట్రిప్పు వేసి వచ్చి, ఇంకో ట్రిప్పుకి కట్టలు సర్దే లోపల చేతులు జేబులో పెట్టుకుని అలా వెళ్ళేవాణ్ణి. ఒక్కో మిషను దగ్గరా ఆగి ఒక్కో జోకు వేసి, ఎవరూ చూడకుండా కార్డు మీద పింజ సంతకం గీకి వచ్చేసేవాణ్ణి. నేను చదివింది అయిదో క్లాసు. అదీ రెండుసార్లు. కానీ చిన్నప్పుడు ప్రోగ్రెసు కార్డు మీద మా నాన్న సంతకం నేను పెట్టినంత బాగా మా నాన్న కూడా పెట్టలేకపోయేవాడు. ఇప్పటికి ఏడువందల పైచిలుకు దొంగ సంతకాలు! పెద్దమేడంకి తెలియదు. ఇస్త్రీ మేస్త్రికి తెలియదు. ఆఖరికి పింజకి కూడా తెలియదు. కార్డుల సంగతి అందరూ మర్చిపోయారనుకుంటోంది, అమాయకురాలు.

"మామయ్యా," అంది పింజ పక్క సీట్లోంచి, "నిన్న ఇస్త్రీ దగ్గర వాళ్ళు ఇంకా ఏమేం కబుర్లు చెప్పారు?"

రోజూ ఇంతే. దారి పొడుగునా కబుర్లు అడుగుతుంది. నేను నవ్విస్తూ పోతాను. పాపం, దానికి మాత్రం వేరే కాలక్షేపం ఏముంది?

*

లాండ్రీలో అడుగు పెట్టేసరికి ఇస్త్రీ మేస్త్రి ఎదురొచ్చాడు. పాతికేళ్ళుగా ఆ రోలరు ఆయనదే. మనిషి కూడా దానిలో ఒకసారి పెట్టి తీసినట్టు చదునుగా ఉంటాడు. పాత మేనేజరు వెళ్ళిపోయాక ఆ కుర్చీ తనకే వస్తుందని చొక్కా కూడా కొత్తది కుట్టించుకున్నాడు. నిన్న పింజని "అమ్మాయ్, మిషన్లు నడుస్తున్నాయిగానీ నువ్వు నడవడం మేం ఎప్పుడూ చూడలేదే" అని అందరి ముందూ అన్నది ఈయనే. ఆ మాటకి పింజ లేచి నడిచింది. ఆరో మిషను దగ్గర కూలబడింది.

"మళ్ళీ వచ్చావా అమ్మాయ్?" అన్నాడు.

"నా కుర్చీ ఇక్కడే ఉంది కదండీ," అంది పింజ.

ఆ కుర్చీ గురించి చెప్పాలి. పాత మేనేజరుకి పైన అద్దాల గది ఉండేది. పింజ ఒక్కరోజు కూడా ఆ మెట్లు ఎక్కలేదు. కుర్చీని తెచ్చి మడత బల్ల చివర వేయించుకుంది. అన్ని మిషన్లూ దాటి వచ్చిన ప్రతి గుడ్డా ఆఖరికి అక్కడే ఆగుతుంది. కూర్చున్న చోటనుంచి చెయ్యి చాపి ఒక్కో కట్టనీ తడుముతుంది. మరక ఉంటే "రెండో నంబరులో సబ్బు తగ్గింది" అంటుంది. గట్టిగా బిరుసెక్కితే "ఎనిమిదిలో ఎక్కువసేపు ఉంచారు" అంటుంది. మొదట్లో అందరూ చేతబడి అనుకున్నారు.

తొమ్మిదికల్లా పెద్దమేడం వచ్చింది. తెల్ల జుట్టు, చేతిలో కర్ర. కర్ర నడవడానికి కాదు, చూపించడానికి. ఖాళీ సబ్బు డబ్బా ఒకటి బోర్లించి దాని మీద కూర్చుంది.

"నేను లేననుకోండి," అంది.

పెద్దమేడం ఉండగా ఆమె లేదనుకోవడం, పులి పక్కన కూర్చుని దాన్ని పిల్లి అనుకోవడమే. అందరి చేతులూ రెండింతలు వేగంగా కదిలాయి. నేను మాత్రం అలవాటు ప్రకారం చేతులు జేబులో పెట్టుకుని అలా వెళ్ళి ఇలా వచ్చాను.

తొమ్మిదిన్నరకి ఫోను మోగింది. పెద్దాసుపత్రి. కొత్త వార్డు రేపు తెరవాల్సింది ఇవాళే తెరుస్తున్నారట. పదకొండింటికల్లా మూడొందల దుప్పట్లు కావాలట.

మేస్త్రి తల మీద చేతులు పెట్టుకున్నాడు. మరుక్షణం పరుగు మొదలుపెట్టాడు. "అన్నీ ఆపండి! దిండు గలీబులు ఆపండి, తువ్వాళ్ళు ఆపండి! దుప్పట్లే! రెండు వైపులా ఎక్కించండి! రండి, రండి, రండి!" ఈ చివర నుంచి ఆ చివరికి నాలుగుసార్లు పరుగెత్తాడు. ఆయన వెనక ఇద్దరు పరుగెత్తారు. ఎందుకో వాళ్ళకీ తెలియదు.

పింజ లేవలేదు. చెయ్యి చాపి ఎడమ పక్క కట్టలోంచి ఒక దుప్పటి లాగింది. అంచు పట్టుకుని చూసింది. ఇంకోటి లాగింది. ఇంకోటి. తర్వాత కుడి పక్క కట్టలోంచి.

"మేస్త్రిగారూ, ఒక్క నిమిషం."

"నిమిషాలు లేవమ్మాయ్!"

"ఎడమ కట్టలోవన్నీ అంచు చెమ్మగా ఉన్నాయి. కుడి కట్టలోవన్నీ పొడిగా ఉన్నాయి."

"రోలరు వేడి సరిగ్గానే ఉంది. మీటరు ముల్లు చూసుకో!"

"ముల్లు మధ్యలో ఉందండీ. చెమ్మ చివర ఉంది." నా వైపు తిరిగింది. "మామయ్యా, రోలరు ఎడమ పక్క ఈ మధ్య మూలుగుతోందని నీతో అన్నది ఎవరు?"

"ఇస్త్రీ దగ్గర దుప్పట్లు అందించే అక్క. నాలుగు రోజుల కిందట. నేను దానికి కషాయం పట్టమన్నాను."

ఆ అక్క దూరం నుంచే తలూపింది. మేస్త్రి మొహం మాడింది. రోలరు ఆపి, మూత ఎత్తి, వంగి చూశాడు. రోలరు చుట్టూ చుట్టిన మందపాటి మెత్త ఎడమ చివర అరిగిపోయి, లోపలి ఇనుము కనిపిస్తోంది.

"అయితే చెమ్మగా ఉన్నవన్నీ మళ్ళీ ఎక్కించాలి," అన్నాడు. "మూడొందలు... పదకొండింటికి... అయ్యే పని కాదు."

పింజ ఫోను అందుకుంది. ఎంత నెమ్మదిగా అంటే, నాకే ఒళ్ళు మండింది.

"సిస్టర్, లాండ్రీ నుంచి. పదకొండింటికి ఎన్ని మంచాలు వెయ్యాలి? ... మంచాలండీ, దుప్పట్లు కాదు. ... అరవయ్యా? మంచానికి రెండు. మరి మిగతా నూట ఎనభై? ... బీరువాలోకా? బీరువాకి సాయంత్రం ఇస్తే దానికి చలి వెయ్యదు కదా?"

అవతల నవ్వు మా అందరికీ వినిపించింది.

ఫోను పెట్టేసింది. "కావలసింది నూట ఇరవై. కుడి కట్టలో పొడివి నలభై ఉన్నాయి. ఇక ఎనభై. రోలరు ఎడమ దారి మూసెయ్యండి. ఆ వైపు ఇద్దరూ కుడి వైపుకి రండి. ఒకరు దుప్పటి అందిస్తుంటే ఒకరు అంచు సరిచెయ్యాలి, దుప్పటికీ దుప్పటికీ మధ్య జానెడు సందు కూడా ఉండకూడదు. గలీబులు, తువ్వాళ్ళు ఆపొద్దు, అవి రోలరుకి వెళ్ళవు కదా, వాటి దారిన వాటిని రానివ్వండి. మేస్త్రిగారూ, మీరు పరుగెత్తకండి. రోలరు చప్పుడు మీకు తెలిసినట్టు ఎవరికీ తెలియదు. అక్కడ నిలబడి వినండి, చాలు."

అంత పొడుగు మాట అది ఒక్కసారిగా మాట్లాడడం నేను ఎప్పుడూ వినలేదు. ఆ తర్వాత కళ్ళు మూసుకుని వెనక్కి వాలింది. మెడ దగ్గర నరం గబగబా కొట్టుకుంటోంది. నేను ఒక అడుగు ముందుకి వేశాను. కళ్ళు తెరవకుండానే వేలు ఎత్తింది. రావద్దని.

లాండ్రీలో ఒక వింత జరిగింది. ఎవరూ అరవలేదు. దుప్పటి వెనక దుప్పటి, దుప్పటి వెనక దుప్పటి, నీళ్ళు పారినట్టు వచ్చాయి. మేస్త్రి రోలరు పక్కన చెవి పెట్టి నిలబడ్డాడు. మధ్యలో ఒకసారి "కాస్త తగ్గించు" అన్నాడు, ఇంకోసారి "ఇప్పుడు పెంచు" అన్నాడు. పాతికేళ్ళలో ఆయన ఒకే చోట అంతసేపు నిలబడింది అదే.

పదిన్నరకి అయిదు నిమిషాలుండగా ఆఖరి దుప్పటి మడత బల్ల మీదికి వచ్చింది. పింజ దాని అంచు తడిమింది.

"పొడి," అంది.

అందరూ కేకలు! ఉతికే మిషన్ల దగ్గరివాళ్ళు మూతల మీద దరువు వేశారు. కట్టలన్నీ నా వ్యానులో పడ్డాయి. పదకొండుకి పది నిమిషాలుండగా ఆసుపత్రిలో దించాను. సిస్టరు "మీ మేనేజరు ఎవరండీ, ఇన్నాళ్ళకి ఎన్ని మంచాలని అడిగిన మనిషి దొరికింది" అంది. "మా మేనకోడలే" అన్నాను, ఛాతీ వ్యాను తలుపుకి తగిలేంత ఉబ్బించి.

*

ఈలలు వేసుకుంటూ తిరిగొచ్చాను. వచ్చి చూస్తే లాండ్రీ నిశ్శబ్దంగా ఉంది.

మడత బల్ల మీద పది అట్ట కార్డులు వరసగా పరిచి ఉన్నాయి.

పక్కన మేస్త్రి. "మేడం, దుప్పట్ల సంగతి ఒప్పుకుంటాను. కానీ ఇది చూడండి. ఇవాళ్టి తారీకు. తొమ్మిదింబావు. పది మిషన్ల దగ్గరా సంతకం! తొమ్మిది నుంచి మీరు ఇక్కడే కూర్చున్నారు. ఈ అమ్మాయి కుర్చీ దిగడం మీరు చూశారా?"

"లేదు," అంది పెద్దమేడం.

నా ఈల సగంలో తెగింది. చెయ్యి! పాడు చెయ్యి! అలవాటులో ఇవాళ కూడా గీకేశాను. పెద్దమేడం ఎదురుగా!

చూశావా, గెలిచిన పిల్లని గెలిచిన గంటలోనే నేను ముంచేశాను. నువ్వు నవ్వకు. ఆ క్షణంలో నాకు నవ్వు రాలేదు. నా జన్మలో మొదటిసారి, వెయ్యడానికి ఒక్క జోకు కూడా దొరకలేదు.

"మేడం," అన్నాను. "అవి నేను పెట్టినవి."

మేస్త్రి నా వైపు గిరుక్కున తిరిగాడు.

"అన్నీ నావే. మొదటి వారం నుంచి. ఆ పిల్లకేమీ తెలియదు. తెలిస్తే నన్ను చంపేసేది. నన్ను పీకెయ్యండి, వ్యాను తాళాలు ఇవిగో. దాన్ని మాత్రం ఏమీ అనకండి. నిన్న అది నడిచింది చూడండి, అది నిజం నడక. దాని బతుకంతా నిజమే మేడం. ఇంట్లో దొంగ వెధవని నేనొక్కణ్ణే."

తాళాలు బల్ల మీద పెట్టాను. పింజ వైపు చూడలేకపోయాను.

పెద్దమేడం సంచీలోంచి మడతపెట్టిన కాగితం తీసింది. నా చేతిలో పెట్టింది.

"చదువు."

"మేడం, నాకు చదువు..."

"వచ్చినంత చదువు. గట్టిగా."

పింజ చేతిరాత. తారీకు చూశాను. అది పనిలో చేరిన రోజు. కూడబలుక్కుంటూ, నీళ్ళు నములుతూ చదివాను.

"మేడం గారికి. నేను నిలబడగలిగేది పది నిమిషాలు. రౌండ్లు తిరగలేను. తిరగకుండా తిరిగానని సంతకం పెట్టను. గుడ్డలన్నీ చివరికి మడత బల్ల దగ్గరికే వస్తాయి కాబట్టి నా కుర్చీ అక్కడ వేయించండి. మిషన్ల దగ్గర మనుషులు ఏమనుకుంటున్నారో నాకు కావాలి. అది మేనేజరుకి ఎవరూ చెప్పరు. మా మామయ్యకి అందరూ చెబుతారు. కాబట్టి రౌండ్లు మా..."

ఆగాను.

"చదువు," అంది పెద్దమేడం.

"...రౌండ్లు మా మామయ్య తిరుగుతాడు. దయచేసి తిరగమని మాత్రం తనకి చెప్పకండి. పని అని చెబితే పారిపోతాడు. దొంగతనంగా చేసే వీలుంటే ప్రాణం పెట్టి చేస్తాడు. కార్డులు అలాగే వేలాడనివ్వండి. తనకి తేలిగ్గా చెయ్యి తిరిగేలా నా సంతకం కాస్త సులువైనది పెడుతున్నాను."

లాండ్రీ కప్పు ఎగిరిపోయిందనుకున్నాను. అంత నవ్వు. ఇస్త్రీ దగ్గర అక్క దుప్పటిలో మొహం పెట్టుకుని నవ్వింది. పింజ కూడా పొట్ట పట్టుకుని నవ్వుతోంది, ఊపిరి చూసుకోకుండా, ధారాళంగా ఖర్చు పెట్టేస్తూ.

ఏడువందల దొంగ సంతకాలు కాదట అవి. ఏడువందల సార్లు డ్యూటీ చేశానట!

"దుప్పట్లు చూసి కాదు నేను తేల్చుకుంది," అంది పెద్దమేడం, మేస్త్రి వైపు తిరిగి. "ఆ ఉత్తరం చూసిన రోజే సగం తేల్చుకున్నాను. పది మిషన్లు నడపడం ఎవరైనా నేర్చుకుంటారు. ఇలాంటి మామయ్యని నడపగలిగితే ఇంక దేన్నయినా నడుపుతుంది. రేపటి నుంచి ఈ లాండ్రీ మేనేజరు ఈ పిల్లే. కార్డులు చింపెయ్యండి. మా నాన్న ఏమైనా అంటే పైకెళ్ళాక నేను చెప్పుకుంటాను."

అందరి కళ్ళూ మేస్త్రి మీద పడ్డాయి. ఆయన చాలాసేపు రోలరు వైపు చూశాడు.

"ఆ ఎడమ మెత్త," అన్నాడు. ఆగాడు. మళ్ళీ మొదలుపెట్టాడు. "ఆ ఎడమ మెత్త ఎప్పుడు మార్చమంటారు, మేనేజరు గారూ?"

పింజ కళ్ళు ఒక్కసారి నిండాయి. తుడుచుకోలేదు. "మధ్యాహ్నం టీ తర్వాత. మీరు చెప్పినట్టే మారుద్దామండీ."

నేను ఫోను తీసి అక్కకి కొట్టాను. ముందు ఏడుస్తున్నట్టు నటించి, పిల్ల ఉద్యోగం పోయిందని చెప్పి, అక్క శాపనార్థాలు పెట్టాక అసలు సంగతి చెబుదామని నా ప్లాను. కనీసం ఒక్కరినైనా ఏడిపించకపోతే నాకు ఇవాళ అన్నం సయించదు.

"అక్కా..." అన్నాను, గొంతు వణికించి.

"ఏరా, దొరికిపోయావా?" అంది అక్క.

వణికించిన గొంతు నిజంగానే వణికింది. "నీకు... నీకూ తెలుసా?"

"'పని అంటే పారిపోతాడు' అన్న ముక్క ఎవరు రాయించారనుకున్నావురా? నిన్ను పెంచింది నేను. నేను ఏడ్చింది నీ సంతకాల గురించి కాదు, నా బిడ్డ ఊపిరి గురించి." ముక్కు ఎగబీల్చిన చప్పుడు. "మేనేజరు అయిందా?"

"అయింది."

"ఫోను ఆ పెద్దమేడంకి ఇవ్వు."

ఇచ్చాను. పెద్దమేడం చెవి దగ్గర పెట్టుకుని వింది. "ఊ," అంది. "ఊ... ఆహా?" నా వైపు చూసింది. "అలాగా? ... చిన్నప్పటి నుంచీనా? ... అయితే అలాగే చేద్దాం. రేపటి నుంచే." పింజకి ఫోను అందించింది. పింజ వింది. అది కూడా నా వైపు చూసి, పెదవి కొరుక్కుంది.

ముగ్గురాడవాళ్ళు, ఒక్క ఫోను, నడిబజారులో నేను!

పెద్దమేడం బల్ల మీది వ్యాను తాళాలు తీసి తన సంచీలో వేసుకుంది.

"అయ్యో, మేడం! మరి రేపటి నుంచి నేనేం చెయ్యాలి?"

పెద్దమేడం కొత్త మేనేజరు వైపు చూసింది. కొత్త మేనేజరు కుర్చీలోంచి లేవకుండా, తాపీగా ఒక కట్ట తడుముతూ అంది.

"చెబితే చెయ్యవుగా, మామయ్యా!"